ఉల్లిపొరలో ఊరి నక్షా

ఆ పొద్దు రామచంద్రయ్య పంతులు తలపెట్టింది చాలా చిన్న పని. బడిపిల్లలకు ఉల్లిపొరను సూక్ష్మదర్శినిలో చూపించాలి. ప్రాణమున్న ప్రతిదీ కణాలతో కట్టిందేనని గొంతు పోయేలా చెబుతున్నా ఒక్కడూ నమ్మడం లేదు మరి! నల్గొండలో తెలిసిన హెడ్మాస్టరు అబ్దుల్ హమీద్‌ను బతిమాలి, ఇత్తడి సూక్ష్మదర్శిని ఒక్కరోజుకు తెచ్చుకున్నాడు.

"ఇంట్ల ఉన్నదే ఒక్క ఉల్లిగడ్డ, గదీ ఎత్కపోతవా?" అని భార్య నిర్మలమ్మ దండకం మొదలుపెట్టింది.

"పొర తీసి గడ్డ మళ్ల తెస్తనే!" అని మాటిచ్చి, సూక్ష్మదర్శినీ, బ్లేడూ, పొరకు రంగు పట్టడానికి టించర్ అయోడిన్ సీసా కూడా సంచిలో వేసుకుని, బడి ఉన్న హాలియా దారి పట్టాడు.

నిజాం మీద పోలీసు యాక్షన్ అయిపోయినా, దొరల మీద తిరగబడ్డ సంఘపోళ్ల వేట ఆగని రోజులవి. గాయపడ్డ సంఘపోళ్లకు మందు రాసినవాడికి జైలే గతి. పాపం, పంతులుకు ఆ సంగతి దారిలో పోలీసు నాకా దగ్గర తనిఖీ చేస్తున్న జమేదారు గుర్వయ్య సంచిలోంచి సీసా తీసినప్పుడు గానీ గుర్తు రాలేదు. పై ప్రాణాలు పైనే పోయాయి.

"టించరు ఎవలికి పంతులూ? ఎందరికి తగిలినయి దెబ్బలు?"

"దెబ్బలకు కాదు జమేదార్ సాబ్, ఉల్లిగడ్డకు!"

"ఉల్లిగడ్డకు టించరా? దానికేం గాయమైంది?"

"గాయం గాదు. దాన్ల ఇంట్ల గదుల్లెక్క అర్రలుంటయి. టించరేస్తే అర్రల లోపల ఉన్నది కనవడ్తది."

"లోపల ఉన్నదెవలు?"

నోరా తాటిమట్టా అని తనను తానే తిట్టుకున్నాడు పంతులు. ఇక చూపించడమే దిక్కని, పొర తీసి, టించరు చుక్క వేసి, సూక్ష్మదర్శిని కింద పెట్టి, దాని అద్దం ఎండకు తిప్పాడు. గుర్వయ్య తుపాకి గురిపెట్టినట్టు ఒక కన్ను మూసి చూశాడు.

"వారినీ! ఇండ్ల వరుసలు! ఇంటికొకడు దాక్కున్నడు! యే ఊరి నక్షా గిది?"

పక్కనున్న జవాను మల్లయ్య కూడా వంగి చూసి గొల్లుమన్నాడు. "సాబ్, గిది మా అత్తగారి ఊరే! మూలకున్నది మా మామ ఇల్లు!"

"అయితే ముందుగాల మీ మామనే పట్టాలె. తాడు తే, పంతుల్ని కట్టు!"

ఉద్యోగం, ఇల్లు, హమీద్ సాబుకు ఇచ్చిన మాట, అన్నీ మునిగిపోతున్నాయి. పంతులు ఏడుపు గొంతుతో అరిచాడు. "నక్షా గాదు సాబ్! ప్రాణమున్న దేంట్లనైనా గిట్లనే ఉంటది. మీ నోట్ల గూడ!"

"నా నోట్లనా? లేకపోతే తోలు తీస్త!"

పంతులు దేవుణ్ణి తలుచుకుని, అగ్గిపుల్లతో జమేదారు బుగ్గ లోపల గీకి, గాజుపలక మీద రాసి, టించరు వేసి చూపించాడు. ఇందులో గోడలు లేవు గానీ, గూటికొక చుక్క మాత్రం ఉల్లిపొరలో లాగే ఉంది.

గుర్వయ్య ముఖంలో నెత్తురు చుక్క లేదు. మల్లయ్య చూడబోతే రెక్క పట్టి లాగి, గాజుపలక తన అంగీకి తుడిచేశాడు. పంతులు చెవిలో గుసగుసగా, "నా నోట్ల ఇంతమంది ఉన్నరని ఎవలికి చెప్పకు. పో, జల్ది పో!" అన్నాడు.

ఉల్లిగడ్డతో సహా అన్నీ సంచిలో కుక్కి పంపేశాడు. పంతులు బతుకుజీవుడా అని బడికి పరుగు తీశాడు.

ఆనాటి నుంచి పంతులు నాకా దాటినప్పుడల్లా జమేదారు గుర్వయ్య నోరు తెరవకుండా చేతి సైగతోనే పొమ్మనేవాడు.