సముద్రంలో సమతా నగర్

“సముద్రానికి కులం లేదు. మతం లేదు. ఎక్కువ లేదు, తక్కువ లేదు. ఎవరు మునిగినా ఒకేలా మునుగుతారు.”

జనవరి ఇరవై ఆరున జెండా ఎగరేసి, పిల్లలకి బిస్కెట్ ప్యాకెట్లు పంచబోయే ముందు త్రినాథ్ గారు సెలవిచ్చిన మాటలివి. చివరి వాక్యం తాను అనుకున్న అర్థంలో రాలేదేమోనని ఆయనకి చిన్న అనుమానం వచ్చింది గానీ, అప్పటికే చప్పట్లు మొదలయ్యాయి కాబట్టి సవరించలేదు.

నల్లపాడు స్టేషను దాటాక, మిర్చి కోల్డ్ స్టోరేజీల వెనకాల ఉంటుంది సమతా నగర్. దాని సంక్షేమ సంఘానికి త్రినాథ్ గారు అధ్యక్షులు. దర్శిలో ఎంపీడీవోగా చేసి రిటైరయ్యారు. మనిషి రిటైరయ్యారు గానీ మాట ఇంకా సర్వీసులోనే ఉంది. కూరలో ఉప్పు సరిపోయిందా అని భార్య వెంకటేశ్వరమ్మ అడిగితే, “పరిశీలించి చెబుతాను” అనేవారు.

ఆయనకి తన గురించి ఒక గట్టి నమ్మకం ఉంది. తనకి కులపట్టింపు లేదు. ఈ సంగతి ఎవరూ అడక్కపోయినా చెప్పేవారు. కొత్తగా కాలనీలో దిగినవాళ్ళకి పాలవాడి ఫోన్ నంబరుతో పాటు ఈ విషయం కూడా తెలియజేసేవారు.

ఈ సముద్రం ఊసు రావడానికి కారణం పక్క కాలనీ. వాళ్ళు బస్సు మాట్లాడుకుని తిరుపతి, అరుణాచలం చూసొచ్చి, పేపర్లో ఫొటో వేయించుకున్నారు. ఆ ఫొటో చూసిన దగ్గర్నుంచీ త్రినాథ్ గారికి అన్నం సయించలేదు. అంతలో హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న కూతురు తేజశ్రీ ఒక వీడియో పంపింది. అండమాన్‌లో ఎక్కడో బుల్లి దీవి. వీపున గాలి సిలిండరు కట్టుకుని, నోట్లో గొట్టం పెట్టుకుని, రంగురంగుల చేపల మధ్య మనుషులు హాయిగా తేలుతున్నారు. అది చూస్తుంటే త్రినాథ్ గారి కళ్ళముందు ఇంకో ఫొటో మెదిలింది. సముద్రం అడుగున సమతా నగర్ బ్యానరు. దాని వెనక కాలనీలోని అన్ని వర్గాల వారూ చేయీ చేయీ పట్టుకుని. మధ్యలో తను.

ఆ ఫొటోకి ఇద్దరు మనుషులు తప్పనిసరి. బ్యాంకు మేనేజరుగా చేసి రిటైరైన క్రీస్తుదాసు గారు ఒకరు, ఎలక్ట్రికల్ షాపు మాలిక్ గారు ఒకరు. వాళ్ళు లేకపోతే అది సమతా నగర్ ఫొటో అవదు, పెళ్ళిలో దగ్గరి చుట్టాలు దిగిన ఫొటో అవుతుంది. ఆ ఇద్దరి ఇళ్ళూ కాలనీ చిట్టచివర, మురుగుకాలవ పక్కన ఉంటాయి. లేఔట్ వేసినప్పుడు ఎవరికి నచ్చిన ప్లాటు వాళ్ళు తీసుకున్నారనీ, వీళ్ళకి ఆ చివరివి నచ్చాయనీ త్రినాథ్ గారి అవగాహన.

ఆయన స్వయంగా నడిచి వెళ్ళి ఇద్దరినీ పిలిచారు. మాలిక్ గారు షాపు ఎవరు చూస్తారని కాసేపు తటపటాయించి సరేనన్నారు. క్రీస్తుదాసు గారు చూద్దామన్నారు. ఆయన భార్య సంతోషకుమారి గారికి చేపలంటే ప్రాణం. హాల్లో గోడంత అక్వేరియం పెట్టుకుని, ఒక్కో చేపకీ పేరు పెట్టి పలకరించే మనిషి. సముద్రంలో చేపల్ని వాటి ఇంట్లోనే చూడొచ్చని విన్నాక ఆవిడ ముఖం వెలిగిపోవడం చూసి, క్రీస్తుదాసు గారు కూడా ఒప్పుకున్నారు.

ఆ తర్వాత వారం కమ్యూనిటీ హాల్లో అవగాహన సదస్సు పెట్టారు. నీళ్ళలో దిగడం నేర్పే కోచ్ విశాఖపట్నం నుంచి వచ్చాడు. ముప్పై ఏళ్ళుంటాయేమో, చక్కగా నవ్వుతూ మాట్లాడతాడు. సదస్సు మొదలవకముందే త్రినాథ్ గారు అతన్ని పక్కకి పిలిచి పేరడిగారు. ప్రసన్నకుమార్ అని చెప్పాడు. ఆ పేరులో ఏ వివరమూ లేదు. ఏ ఊరని అడిగారు. దర్శి దగ్గరని చెప్పాడు. తను పనిచేసిన చోటే కాబట్టి త్రినాథ్ గారికి ఉత్సాహం వచ్చింది. ఇంటిపేరు అడిగితే అతను చెప్పాడు. అది ఆ చుట్టుపక్కల నాలుగు రకాల వాళ్ళకీ ఉన్న ఇంటిపేరు. నాన్నగారేం చేస్తారంటే టీచరన్నాడు. ఊళ్ళో మీ ఇల్లు ఎటువైపని ఆఖరి ప్రయత్నంగా అడిగితే, బస్టాండు వైపన్నాడు. త్రినాథ్ గారు నిట్టూర్చి, తనకి ఇలాంటి పట్టింపులు లేవని అతనికి తెలియజేశారు.

కోచ్ సంచిలోంచి సామాను తీసి బల్లమీద పరిచాడు. ఇది సిలిండరు, ఇది కళ్ళద్దం, ఇది గొట్టం. గొట్టం చివర ఉన్న రబ్బరు ముక్కని పళ్ళతో కరిచిపట్టుకుని నోటితో గాలి పీల్చుకోవాలని చూపించాడు. ముక్కుతో పీల్చకూడదన్నాడు. మిర్చి కమిషన్ వ్యాపారం చేసే కోశాధికారి యలమందయ్య గారు, యార్డులో ఆ ఘాటు మధ్య ఇన్నేళ్ళు ఊపిరి బిగబట్టి బతికినవాడికి నీళ్ళొక లెక్క కాదన్నారు. అందరూ నవ్వారు. నవ్వు సద్దుమణిగాక ఆయనే ఇంకో ప్రశ్న వేశారు.

“ఆ రబ్బరు ముక్క మనిషికొకటి ఇస్తారా బాబూ?”

“లేదండీ. ఒకరు వచ్చాక మందు నీళ్ళలో కడిగి ఇంకొకరికి ఇస్తాం. మార్చుకోవచ్చు గానీ, ప్రతి ఒక్కరికీ ఊడదీసి బిగించేంత టైము పడవలో ఉండదు.”

అందరి మనసులోనూ ఒకటే మాట మెదిలింది. ఎంగిలి. కానీ ఆ మాట ఎవరి నోటా రాలేదు. చదువుకున్నవాళ్ళు కాబట్టి అందరూ శుభ్రత అన్నారు. ఒకాయన ఇన్ఫెక్షన్లన్నారు. కరోనా తర్వాత ఎవరి జాగ్రత్తలో వాళ్ళు ఉండటం మంచిదని ఇంకొకాయన అన్నారు. ఇలా అంటున్నప్పుడు ఎవరూ వెనక వరసలో కూర్చున్న క్రీస్తుదాసు గారి వైపు గానీ మాలిక్ గారి వైపు గానీ చూడలేదు. చూడకుండా ఉండటానికి అందరూ ఎంత శ్రమపడ్డారంటే, మెడలు నొప్పి పుట్టి ఉంటాయి.

ఇలాంటి చిక్కుముడులు విప్పడంలోనే త్రినాథ్ గారి సర్వీసంతా గడిచింది. ఆయన లేచి గొంతు సవరించుకున్నారు. ఎవరు ముందు దిగాలి, ఎవరు తర్వాత దిగాలి అనే దానిమీద వివాదాలు రాకూడదు కాబట్టి, పూర్తిగా పారదర్శకమైన పద్ధతి ఒకటి పెట్టుకుందామన్నారు. ప్లాటు నంబరు ప్రకారం దిగుదాం. ఒకటో ప్లాటు మొదలు. చివరి ప్లాటు చివర.

ఒకటో ప్లాటు ఆయనదే.

తీర్మానం ఏకగ్రీవమైంది. క్రీస్తుదాసు గారు కూడా చెయ్యెత్తారు. సంతోషకుమారి గారు మాత్రం చెయ్యెత్తకుండా హ్యాండ్‌బ్యాగు జిప్పు తీస్తూ వేస్తూ కూర్చున్నారు.

దీవికి వెళ్ళేముందు గుంటూరులోనే ఒక ప్రైవేటు క్లబ్బు ఈతకొలనులో తర్ఫీదు ఏర్పాటు చేశారు. ఆదివారం పొద్దున్నే మగవాళ్ళు కొత్త నిక్కర్లలో, ఒకరి పొట్ట ఒకరు చూడనట్టు నటిస్తూ గట్టుమీద వరసగా నిలబడ్డారు. ఆడవాళ్ళు కుర్చీల్లో కూర్చున్నారు. వెంకటేశ్వరమ్మ పులిహోర డబ్బా ఒళ్ళో పెట్టుకుంది.

ప్రసన్నకుమార్ ఇద్దరికి సరిపడా సామాను తెచ్చాడు. ప్లాటు నంబర్ల సంగతి త్రినాథ్ గారు గుర్తుచేస్తే, అది తన దగ్గర కుదరదని మర్యాదగానే చెప్పాడు. ఈత రానివాడికి ఈత వచ్చినవాణ్ణి జత చేయడం నీళ్ళ పద్ధతట. ఈత ఎవరికి వచ్చని అడిగితే వరసలోంచి ఒకే ఒక్క చెయ్యి లేచింది. క్రీస్తుదాసు గారిది. చిన్నప్పుడు దర్శిలో సాగర్ కాలవలో నేర్చుకున్నారట. ఆ కాలవ గట్ల మరమ్మతు మీద త్రినాథ్ గారు లెక్కలేనన్ని ఫైళ్ళు నడిపారు గానీ అందులో కాలు పెట్టలేదు.

త్రినాథ్ గారు ఆలోచించారు. రెండు గొట్టాలూ వేరువేరు. తను మొదటివాడు. తన గొట్టం ఇవాళ ఎవరి నోట్లోనూ పడలేదు. అభ్యంతరం కనిపించలేదు కాబట్టి ఆమోదించారు.

దిగే ముందు కోచ్ ఒక జాగ్రత్త చెప్పాడు. లోపల గాలి అందకపోతే కంగారు పడొద్దు, జతగాడి పక్కన పసుపుపచ్చ గొట్టం అదనంగా వేలాడుతుంటుంది, అది తీసుకుని పీల్చుకోండి అన్నాడు. త్రినాథ్ గారు ‘నోట్ చేసుకున్నాను’ అన్నట్టు తలాడించారు.

నీళ్ళలోకి దిగాక కాసేపు బాగానే ఉంది. కొలను అడుగున నీలం పలకలు కనిపించాయి. పేపర్లో పడబోయే ఫొటో కూడా కనిపించింది. ఇంతలో కళ్ళద్దంలోకి కాసిని నీళ్ళు వచ్చాయి. ముక్కుతో పీల్చకూడదన్న మాట మర్చిపోయి పీల్చారు. క్లోరిన్ నీళ్ళు నషాళానికి ఎక్కాయి. దగ్గబోయేసరికి నోట్లోని గొట్టం జారిపోయింది. పైకి ఎటో, కిందికి ఎటో తెలియలేదు. చచ్చిపోతున్నానని మాత్రం స్పష్టంగా తెలిసింది. ఆ క్షణంలో ఆయనకి పసుపుపచ్చ గొట్టం గుర్తు రాలేదు, ప్లాటు నంబర్లు గుర్తు రాలేదు. ఎదురుగా క్రీస్తుదాసు గారి నోటి దగ్గర గాలి బుడగలు కనిపించాయి. గాలి అక్కడుంది. రెండు చేతులా ఆ గొట్టాన్ని ఆయన నోట్లోంచి లాక్కుని తన నోట్లో కుక్కుకుని, పసిపిల్లాడు పాలు తాగినట్టు కళ్ళు మూసుకుని పీల్చారు.

క్రీస్తుదాసు గారు తడబడలేదు. ఆ పసుపు గొట్టం తాను నోట్లో పెట్టుకుని, త్రినాథ్ గారి భుజం గట్టిగా పట్టుకుని, మెల్లగా పైకి తీసుకొచ్చారు. గట్టుమీదికి చేర్చాక కూడా త్రినాథ్ గారు గొట్టం వదల్లేదు. కోచ్ దవడ నొక్కి ఊడదీయాల్సి వచ్చింది.

తర్వాతి వంతు యలమందయ్య గారిది. ఏ గొట్టం ఎవరి నోట్లోంచి ఎవరి నోట్లోకి వెళ్ళిందో ఆయన మనసులో కూడికలూ తీసివేతలూ చేసి, రెండూ తనకి పనికిరానివే అని తేల్చుకుని, బీపీ పెరిగిందని కుర్చీలో కూలబడ్డారు. ఆ రోజుకి తర్ఫీదు ముగిసింది. పులిహోర మాత్రం అయిపోయింది.

ఇంటికొచ్చాక త్రినాథ్ గారు వరండాలోనే ఆగి, వేణ్ణీళ్ళలో ఉప్పు, పసుపు వేసి తెమ్మన్నారు. గొంతు నొప్పిగా ఉంది, పుక్కిలిస్తానన్నారు. వెంకటేశ్వరమ్మ తెచ్చి ఇచ్చింది. ఆయన పుక్కిలిస్తున్నంతసేపూ గుమ్మంలో నిలబడి చూసింది. రెండో చెంబు అడిగేసరికి ఇక ఉండబట్టలేకపోయింది.

“నోరంటే కడుక్కుంటారు. ఆయన గాలి మీ గుండెల దాకా పోయింది గదా, అదెట్టా కడుగుతారు?”

ఆయన చెంబు కింద పెట్టేశారు. ఆవిడ దాన్ని తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

విచిత్రమేమిటంటే, ఆ సాయంత్రం నుంచీ క్రీస్తుదాసు గారికి ఫోన్లు మొదలయ్యాయి. దీవిలో జతలు జతలుగా దిగాలని కోచ్ చెప్పాడు కదా, జతగాడిగా ఆయనే కావాలని ప్రతి ఒక్కరికీ కోరిక పుట్టింది. బీపీ మనిషి యలమందయ్య గారైతే ఆయన తనకి ఎప్పట్నుంచో సొంత తమ్ముడి లెక్కన్నారు. త్రినాథ్ గారు ఫోన్ చేయలేదు. అధ్యక్ష హోదాలో స్వయంగా బయల్దేరారు.

ఇన్నేళ్ళలో ఆ ఇంటికి వెళ్ళినప్పుడల్లా ఆయన మూత తీయని కూల్‌డ్రింకు సీసా తప్ప ఇంకేం పుచ్చుకోలేదు. పొట్టలో గ్యాసు వల్ల టీ పడదని చెప్పేవారు. ఆ రోజు తనే టీ అడిగి తాగారు. పంచదార సరిపోయిందన్నారు. అక్వేరియంలో చేపల పేర్లు అడిగి తెలుసుకున్నారు. చివరికి అసలు సంగతి బయటపెట్టి, నీళ్ళలో మీరు పక్కనుంటే చాలు, నాకు ఏ భయమూ లేదన్నారు.

క్రీస్తుదాసు గారు ఖాళీ కప్పు తీసి పక్కన పెట్టారు.

“మేం మీతో రావట్లేదండీ. మేమూ మాలిక్ గారి వాళ్ళూ విడిగా వెళ్తున్నాం. టికెట్లు కూడా తీసుకున్నాం.”

“అదేందండీ? అందరం కలిసి వెళ్దామనే గదా ఇదంతా.”

“ఏం లేదండీ. అక్కడైనా నాలుగు రోజులు వరసలో చివర నిలబడకుండా ఉందామని.”

“అది ప్లాటు నంబరు గదా దాసు గారూ.”

“అవునండీ. ప్లాటు నంబరే,” అన్నారు క్రీస్తుదాసు గారు.

సంతోషకుమారి గారు వచ్చి, ఇంకో కప్పు టీ ఇవ్వమంటారా అని అడిగారు. త్రినాథ్ గారు వద్దని చెప్పి లేచారు.

ఆ తర్వాతి ఆదివారం అత్యవసర సమావేశం పిలిచారు. దీవి యాత్ర అనివార్య కారణాల వల్ల నిరవధికంగా వాయిదా పడిందని త్రినాథ్ గారు ప్రకటించారు. వెనక వరస ఖాళీగా ఉంది. ఏమిటా కారణాలని యలమందయ్య గారు అడిగారు. త్రినాథ్ గారు కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నారు. ఆయన ముఖంలో నిజమైన బాధ కనిపించింది. మంచి చేయబోయి భంగపడ్డ మనిషి బాధ అది.

“మనం ఎంత కలుపుకుపోదామని చూసినా ఏం లాభమండీ. వాళ్ళకి వాళ్ళ వాళ్ళతో ఉండటమే ఇష్టం. ఇంత చదువుకుని కూడా ఆ పట్టింపు పోలేదు.”

హాల్లో అందరూ విచారంగా తలలూపారు.