ఒరజ్‌గలికి ఏ జబ్బూ లేదు

ఆ ఉదయం ఒరజ్‌గలి వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. డ్యూటీకి ముందు రక్తవ్యాధుల పరిశోధనాసంస్థకు వెళ్ళి ఓ సూది వేయించుకోవాలి. అక్కణ్ణుంచి డిపోకి పోయి ట్రాలీబస్సు తీయాలి. కొద్దిరోజులు ఇలా చేస్తే, ఎముకల్లో హాయిగా పడుకున్న మూలకణాలు లేచి రక్తంలోకి వస్తాయి. అప్పుడో యంత్రం ఒక చేతిలోంచి రక్తం తీసి, ఆ కణాలను ఏరుకుని, మిగతాది రెండో చేతిలోకి తిరిగి పంపేస్తుంది. ఆరోగ్యమైన రక్తం ఎలా పుడుతుందో పరిశోధకులు వాటిలో చూసుకుంటారు. ఇదంతా మేనత్త బీబిజమాల్‌కు తెలియకుండా జరిగిపోవాలి, అంతే.

తెలియకూడదు అనుకోవడానికి కారణం ఉంది. అతని అక్క నుర్సులు పోయింది ఆ సంస్థలోనే. అల్మాతీలో ఇంకా ట్రాములు తిరిగే రోజుల్లో అతను డ్రైవరు, ఆవిడ అదే బండిలో కండక్టరు. స్టాపుల పేర్లను లాలిపాటలా సాగదీసి పిలిచేది. ఆమెకు జబ్బు చేసినప్పుడు డాక్టర్లు ఏమీ దాచలేదు. ఈ జబ్బు సంగతి తమకే ఇంకా సరిగ్గా తెలియదన్నారు. ఆ మాట ఒరజ్‌గలి మనసులో ముల్లులా ఉండిపోయింది. తెలుసుకోవడానికి ఎవరికైనా తన రక్తం పనికొస్తుందంటే ఇవ్వాలనుకున్నాడు. వాళ్ళిద్దరినీ పెంచిన మేనత్తేమో ఇప్పటికీ బస్సు ఆ సంస్థ గేటు దాటేటప్పుడు మొహం కొండలవైపు తిప్పేసుకుంటుంది. పాత గాయాన్ని ఆవిడ ముందు రేపడం అతనికి ఇష్టం లేదు.

డాక్టరు ముందే చెప్పినట్టు, సూదిమందుకు ఎముకలు సలపడం మొదలుపెట్టాయి. నడుం పట్టుకుని లేస్తున్న మేనల్లుణ్ణి మేనత్త చూసింది. ఆ మర్నాడు బజారు నుంచి క్యారట్ల సంచితో వస్తూ, అతను ఆ గేటు లోపలికి వెళ్ళడం కూడా చూసింది. జబ్బు లేనివాడు ఆ గేటు లోపల అడుగుపెడతాడని ఆవిడకు ఎలా తోస్తుంది? పైగా ఆ ఊళ్ళో రోగం పేరు రోగికి చెప్పడం మర్యాద కాదు. డాక్టరు ఇంట్లోవాళ్ళకు చెబుతాడు, ఇంట్లోవాళ్ళు ఊరందరికీ చెబుతారు, రోగి ఒక్కడు మాత్రం సుఖంగా ఉంటాడు. ఆవిడ ఆ మర్యాద తప్పకుండా, డిపో మెకానిక్ గెన్నాడీకి ఫోన్ చేసింది.

"నీకొక్కడికే చెబుతున్నా నాయనా. మావాడు ఆ గేటు లోపలికెళ్ళాడు."

"ఏ గేటత్తా?"

"ఆ గేటేరా!"

గెన్నాడీ గొంతు తగ్గించాడు. "వాడికి తెలుసా?"

"మనకి తెలిసినట్టు వాడికి తెలీకూడదు. ఏడవకుండా రా. ఒట్టి చేతుల్తో మాత్రం రాకు."

గెన్నాడీ మూరెడు పొడుగు గుర్రపుమాంసం సాసేజీతో దిగాడు. ఊరికి ఆ చివర ఉండేవాడు, ఊరికే ఇటు వెళ్తూ చూసిపోదామని వచ్చానన్నాడు. అతని వెనకాలే, ఎటో వెళ్తూ, డిపో అంతా వచ్చింది. ట్రాముల కాలంనుంచీ ఒరజ్‌గలితో మాటల్లేని ముసాబేక్ కూడా వచ్చి గట్టిగా కావలించుకున్నాడు.

"నీలాంటి డ్రైవరు ఈ ఊళ్ళో పుట్టలేదురా. అప్పుడే చెప్దామనుకున్నా, నోరు రాలేదు."

"ఇప్పుడెలా వచ్చిందన్నా?"

"ఏమో, గొంతు పొడిబారితే వచ్చేసింది. టీ పొయ్యి."

ఒరజ్‌గలి కరిగి నీరైపోయాడు. ఇంతమంది తనను ఇంతగా తలుచుకుంటున్నారని అతనికి ఎన్నడూ తెలియదు. మంచులో బండి పైనుండే కరెంటు తీగ నుంచి రాలే నీలం నిప్పురవ్వల గురించి, బక్కెట్లనిండా యాపిళ్ళతో ఎక్కే ముసలమ్మల గురించి, చలికాలం వెచ్చగా ఉండే డ్రైవరు సీటు గురించి మాట్లాడుకున్నారు. ఏళ్ళ తరబడి ఆ ఇంట్లో వినపడని నుర్సులు పేరు కూడా వచ్చింది. "టికెట్ లేని ఇన్‌స్పెక్టర్ని నడివీధిలో దింపేసిందిరా నా తల్లి!" అని మేనత్తే నవ్వింది. ఆ నవ్వు చూసి ఒరజ్‌గలికి కడుపు నిండిపోయింది.

కడుపు నిజంగానే నిండింది. కొవ్వు ముట్టొద్దని డాక్టరమ్మ ఐజాదా మరీమరీ చెప్పింది. కానీ పెద్దవాళ్ళు గొర్రెతోక కొవ్వును తమ చేత్తో నోటికందిస్తుంటే, పెదాలు బిగించుకునే మొనగాడు ఆ ఊళ్ళో లేడు. ఒకరి చేతిది తిని ఇంకొకరి చేతిది వద్దనడానికీ లేదు. అతను అందరి చేతులదీ తిన్నాడు.

అసలు రోజున యంత్రం తిరగడం మొదలెట్టిందో లేదో, గంట మోగి ఆగిపోయింది. ఐజాదా గొట్టాన్ని వెలుతురుకు పెట్టి చూసింది. రక్తంలో విడిపడిన పైపొర తేనెరంగులో ఉండాల్సింది, చిక్కటి పాలలా ఉంది.

"నిన్న ఏం తిన్నారు?"

"కొంచెం... గుర్రం."

"కొంచెం అంటే?"

"డెక్కలు వదిలేశాను డాక్టరమ్మా."

ఆవిడకు నవ్వు రాలేదు. "ఈ యంత్రం పొరల రంగు చూసి కణాల్ని ఏరుతుంది. ఇంత కొవ్వులో దానికేం కనబడుతుంది? ఇవాళ్టికి ఆపేస్తున్నా. రేపొక్కరోజే టైముంది. రేపూ ఇలాగే ఉంటే మీ సూదులన్నీ వృథా. మీలా ఇచ్చేవాళ్ళు దొరకడమే మాకు గగనం."

ఒరజ్‌గలి మొహం పాలిపోయింది. "మా అక్క ఈ మేడమీదే పోయింది. దానికోసం ఒక్క పని చేద్దామనుకున్నా. తిండికి ఓడిపోయానా?"

ఐజాదా చిరాగ్గా తలుపు తీసింది. వసారాలో మేనత్త, గెన్నాడీ, ముసాబేక్, సగం డిపో నిలబడి ఉన్నారు. ఆ గేటు దగ్గర పొద్దుటినుంచీ కాపు కాసి, అతని వెనకే వచ్చేశారు.

"ఆ రక్తం పనికిరాదు..." అని ఆవిడ ఇంకా ఏదో అనబోయింది. మేనత్త గోడ పట్టుకుని శోకాలు పెట్టింది. గెన్నాడీ టోపీ తీసేశాడు. ముసాబేక్ చొక్కా చేతులు పైకి మడిచి, "నా రక్తం తీసుకోండి! వాడు లేని ఊళ్ళో నేనెవరితో మాటలు మానెయ్యను?" అని అరిచాడు.

"ఎవరండీ మీరంతా? ఆయనకి ఏ జబ్బూ లేదు! గుర్రంలా ఉన్నాడు. గుర్రాన్ని తిన్నాడు, అదే గొడవ!"

మేనత్త ఏడుపు ఆపి లోపలికి వెళ్ళింది.

"ఏరా, బాగానే ఉన్నావా?"

"ఉన్నానత్తా."

"సిగ్గులేదూ! నేను సగం చచ్చాను."

అతను తల వంచుకుని సంగతంతా చెప్పాడు. ఆవిడ మంచం అంచున కూర్చుంది. కొంగులాంటి తలగుడ్డ చివరను వేలికి చుట్టుకుంటూ డాక్టరును అడిగింది. "ఇది ఎవరికి ఎక్కిస్తారమ్మా?"

"ఎవరికీ కాదు. పెట్టుకుని చూస్తాం, నేర్చుకుంటాం."

"మా నుర్సులుకి జబ్బు చేసినప్పుడు తెలీదన్నారే. అది తెలుస్తుందా?"

"కొంచెం తెలుస్తుందమ్మా. ఇంకెవరో ఇస్తే ఇంకొంచెం."

మేనత్త లేచింది. జీవితంలో ఏనాడూ అతిథిని గుమ్మంలోంచి పంపని మనిషి, ఆ పూట మాంసం గిన్నెతో వచ్చిన ప్రతివాణ్ణీ గిన్నెతో సహా వెనక్కి పంపింది. ఒరజ్‌గలికి యాపిలు ముక్కలు, నీళ్ళు తప్ప ఏమీ దక్కలేదు.

మర్నాడు పైపొర తేనెరంగులో తేలింది. యంత్రం గంటలకొద్దీ తిరిగింది. రెండు చేతులూ కదపకూడదు గనుక ఒరజ్‌గలి ఎక్కడికీ పారిపోలేడు. ఆ సంగతి డిపోకి అర్థమైంది.

"మొన్న అన్నవన్నీ వెనక్కి తీసుకుంటున్నా" అని ముసాబేక్ మొదలుపెట్టాడు. "వీడు ట్రామును గ్యారేజీ గోడలోకి తోలిన రోజు గుర్తుందా?"

"ఆ గోడ మళ్ళీ కట్టింది నేనే కదా" అన్నాడు గెన్నాడీ.

"మీకేం తెలుసు" అంది మేనత్త. "వీడి బండి వద్దు, ఇంకో డ్రైవరుకి మార్చండని నుర్సులే అర్జీ పెట్టుకుంది. ఒకటి కాదు, రెండుసార్లు."

"అక్కేనా?" అని ఒరజ్‌గలి నోరు తెరిచాడు. తర్వాత కళ్ళమ్మట నీళ్ళు కారేలా నవ్వాడు. చేతులు ఆడక తుడుచుకోలేకపోతే, మేనత్తే తలగుడ్డతో తుడిచి, తుడుస్తూనే ఇంకో రెండు తిట్టింది. ఎన్నేళ్ళ తర్వాతో అక్క మళ్ళీ తన వెనకసీట్లో కూర్చుని కసురుకుంటున్నట్టే ఉంది అతనికి.

ఆరోగ్యవంతుడికి ఆ ఊళ్ళో దక్కే మర్యాద అంతే.