పంటు మీద పట్టేసిన బ్రేకు

మా మెకానిక్కు మోషేని నేను ఈ జన్మలో క్షమించనండి. నిజం చెప్పేవాడు కాస్త గదమాయించి చెప్పాలా వద్దా? మెత్తగా, నవ్వుతూ, మాట మాటకీ అండి తగిలించి చెబితే ఎవడు నమ్ముతాడు?

కారు బ్రేకులు కీచుమంటున్నాయని రాజోల్లో అతని షెడ్డుకి తీసుకెళ్ళేను. ముందు చక్రాలు విప్పేడు.

"బ్రేకు తొక్కినప్పుడల్లా ఈ పిన్నుల మీద, ప్యాడ్లని పట్టి నొక్కే కాలిపరు అటూ ఇటూ జరగాలండి, జగ్గారావుగారూ. పిన్నులు ఎండిపోయేయి. వీటికి సిలికాన్ గ్రీజే వాడాలండి. మామూలు గ్రీజు వేస్తే చుట్టూ ఉన్న రబ్బరు ఉబ్బిపోయి పిన్ను బిగుసుకుపోద్దండి."

"ఎంత పుయ్యాలి?"

"పూతరేకుకి నెయ్యి రాసినట్టండి. తళుక్కుమంటే చాలు. ప్యాడ్ల మీద మాత్రం చుక్క కూడా పడకూడదండి."

ట్యూబు చూపించేడు. చిటికెనవేలంత ఉంది. ధర మాత్రం మోచేతి దాకా ఉంది. మా పెరట్లో ఆయిలింజను గ్రీజు కేజీ డబ్బా మూలుగుతోంది. నేను ఏడో తరగతితో చదువాపేసిన మాట నిజమే గానీ, ముప్పై ఏళ్ళు ఇంజను తిప్పినవాణ్ణి. గ్రీజు గురించి నాకు పాఠమా? పని నేనే చేసుకుంటానని చెప్పి వచ్చేసేను.

ఇంటికొచ్చి చెప్తే మా ఆవిడ సత్యదుర్గ, "ఆయన చెప్పిన ట్యూబే కొనండి," అంది.

"నువ్వెప్పుడైనా కారు విప్పేవా?"

"లేదండి. మీరు విప్పినవి చూసేను. మిక్సీ, ఫ్యాను, గోడ గడియారం. మూడూ అటక మీదున్నాయి."

ఆ పౌరుషంతోనే చక్రాలు విప్పేను. పూతరేకు లెక్క నాకు నచ్చలేదు. ఆవకాయ జాడీలో నూనె పోసినట్టు మా డబ్బాలో గ్రీజు కూరేను. ఊరి చుట్టూ ఒక రౌండు కొట్టొచ్చి, "చూసేవా? చప్పుడుందా?" అన్నాను.

"లేదండి. చేతులు కడుక్కుని రండి. ఆ తలుపు మాత్రం ముట్టుకోకండి."

వారం గడిచింది. అప్పుడొచ్చింది చిన్నమ్మలుగారి ఫోను.

ఈవిడ తోట మా తోటకీ రోడ్డుకీ మధ్యలో ఉంటుంది. మా తోటలోకి దారి అందులోంచే. ఆవిడ నరసాపురంలో కూతురి దగ్గర స్థిరపడిపోయి దాన్ని అమ్మేస్తానంది. పక్క రైతు శివనాగరాజు ఎప్పట్నుంచో కన్నేసి ఉన్నాడు. అతను కొన్నాడంటే కంచె వేసేస్తాడు. ఆ తర్వాత నేను కొబ్బరికాయలు హెలికాప్టరులో దింపుకోవాలి.

"బుధవారం పొద్దున్నొచ్చి బయానా ఇచ్చి కాగితం రాయించుకో నాయనా. పదకొండున్నరకి వర్జ్యం. వర్జ్యంలో నేను డబ్బు ముట్టుకోను. మధ్యాహ్నం శివనాగరాజు వస్తానన్నాడు," అంది.

డబ్బులో సగం నా కాయలది, సగం మా ఆవిడ చీటీలది. అక్కడ పడింది పేచీ.

"కాగితం నా పేరున రాయించండి."

"పెళ్ళాం పేరున రాయిస్తే ఊళ్ళో నా పరువేం కావాలి?"

"ఉన్న డబ్బు సంగతి చెప్పండి, లేని పరువు సంగతి తర్వాత చూద్దాం."

ఇలా కాదని ఉపాయం పన్నేను. బుధవారం పొద్దున్న, "గోదారి దాటాలి, తడిసిపోద్ది, నీ ఆధారు కార్డు ఇంట్లో పెట్టెయ్. నాది చాల్లే," అన్నాను.

"ఆయ్," అంది. ముప్పై ఏళ్ళ కాపురంలో మా ఆవిడ ఒక్కమాటకే ఒప్పుకుంటే అనుమానించాలని నాకింకా తెలిసిరాలేదు.

బయల్దేరేం. దారిలో, "ఏవండీ, కాలిన వాసనొస్తోంది," అంది.

"ఎవరో కొబ్బరిపీచు తగలెడుతున్నారు."

"అయిదు కిలోమీటర్ల నుంచీ మన పక్కనే తగలెడుతున్నారా?"

నా వైపు అద్దం పైకెత్తేసేను.

"బండి ఈడుస్తున్నట్టుందండి."

"గోదారి గాలి ఎదురొస్తోంది."

సఖినేటిపల్లి రేవులో కారుని, బళ్ళనీ మనుషుల్నీ ఏరు దాటించే పంటు మీద అందరికంటే ముందు పెట్టించేను, అవతల ముందుగా దిగిపోవచ్చని. నడి గోదాట్లోకి వచ్చేసరికి రెండు చక్రాల్లోంచీ సన్నగా పొగ లేచింది. "ధూపం ఏ దేవుడికండీ?" అని వెనకాల ఆటోలోంచి ఎవరో అడిగేరు.

నరసాపురం రేవొచ్చింది. గేరేసి క్లచ్చి వదిలేను. ఇంజను ఆగిపోయింది. మళ్ళీ వేసేను, మళ్ళీ ఆగిపోయింది. పదిమంది దిగి తోసేరు. పంటు కదిలింది గానీ కారు కదల్లేదు. ఆటోలన్నీ పక్కనుంచి తిట్టుకుంటూ దిగిపోయేయి.

మోషేకి ఫోను చేసేను.

"ఏ గ్రీజు వేసేరండీ?"

"అందరూ వేసేదే."

"ఎర్రగా ఉంటదా అండి?"

"...ఉంటది."

"ఆయ్. రబ్బర్లు ఉబ్బిపోయి పిన్నులు పట్టేసుంటాయండి. దారంతా బ్రేకు రాసుకుని వేడెక్కిపోయింది. చల్లారితే వదుల్తుంది. నీళ్ళు మాత్రం పొయ్యకండి, డిస్కు వంకరపోద్ది. ఓ ముప్పావుగంట ఆగండి. తొందరేం లేదు కదండీ?"

టైము పదకొండు. వెనక్కి తిరిగేసరికి మా ఆవిడ డబ్బు సంచీతో గట్టు మీద ఆటో ఎక్కుతోంది.

"ఎక్కడికే?"

"వర్జ్యాన్ని ఓ ముప్పావుగంట ఆగమని చెప్పడానికండి!"

నేనూ దిగబోయేను. పంటు మనిషి చెయ్యడ్డం పెట్టేడు. "బండి వదిలేసి ఎక్కడికండి బాబూ? అవతల పెళ్ళివారు కాసుక్కూర్చున్నారు. కూర్చోండి."

తాళ్ళు విప్పేసేరు. నేనూ, నా కారూ వచ్చిన దారినే వెనక్కి ప్రయాణం. నడి గోదాట్లో ఫోను మోగింది.

"ఏవండీ, కాగితం రాస్తున్నారు. మీ ఆధారు అడుగుతున్నారు."

"నంబరు చెప్తా, రాసుకోమను."

"కార్డు కావాలంట. మనిషి కావాలంట. సంతకం కావాలంట."

"మరెలాగే?"

"నా కార్డు నా దగ్గరుందండి."

"ఇంట్లో పెట్టమన్నానుగా!"

"పెట్టేనండి. తలుపు తాళం వేసేముందు మళ్ళీ తీసేను."

"ఇంకా ఎంత టైముంది?"

"ఏడు నిమిషాలు. వచ్చేసెయ్యమంటారా?"

శివనాగరాజు కంచె కళ్ళ ముందు కదిలింది. "రాయించు," అన్నాను.

"ఏంటండీ? ఇంజను మోతలో వినబళ్ళేదు."

"నీ పేరునే రాయించవే తల్లీ!"

మా ఆవిడ ఒక్కత్తికే కాదు, పంటులో అందరికీ వినబడింది. ఎవరో చప్పట్లు కూడా కొట్టేరు.

సఖినేటిపల్లి రేవులో కారు కిక్కురుమనకుండా దిగింది, చక్రాలు చల్లారేయి గనక. మధ్యాహ్నం మా ఆవిడ కాగితంతో పంటు దిగొచ్చింది. పక్కన కూర్చున్నాక అడిగేను.

"నా తోటలోకి దారి వదుల్తావు కదే?"

"అదేం మాటండీ? మనిషికీ, సైకిలుకీ ఎప్పుడూ వదుల్తాను. ఈ కారు మాత్రం నా చెట్ల కింద పెట్టకండి, కాయలు మాడిపోతాయి."

మర్నాడు మోషే కొత్త రబ్బర్లు వేసి, ఆ చిటికెనవేలు ట్యూబులోంచి పిన్నులకి పూతరేకు నెయ్యిలా రాసేడు. ఈసారి నోరెత్తకుండా చూసేను. మొత్తమ్మీద ఆ ట్యూబు డబ్బులు మిగుల్చుకోబోయి నేను పోగొట్టుకున్నది పద్నాలుగు కాపు చెట్లతో ఇరవై రెండు సెంట్ల కొబ్బరితోట.