క్రైమ్ రైటర్ల సభకు మా దరఖాస్తు

"యావన్మంది ప్రజానీకానికి తెలియజేయడమేమనగా, గౌరవనీయ మంత్రివర్యులు రాష్ట్ర సేవలో క్షణం తీరిక లేకున్నా స్వహస్తాలతో రచించిన డిటెక్టివ్ నవల 'నెత్తుటి టార్చిలైట్' ఆవిష్కరణ మహోత్సవం ఈ శుక్రవారం మన మండల కేంద్రంలో జరుగును. పేరుమోసిన క్రైమ్ రైటర్లు విచ్చేసి తమ పుస్తకాల కబుర్లు చెప్పెదరు. భోజన వసతి కలదు."

మైకు కట్టిన ఆటో ఈ మాట మా తండా నడిమధ్య ఆగి చెప్పింది. పిల్లలు ఆటో వెనక పరుగెత్తారు. పెద్దవాళ్ళం మాత్రం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం.

మాకు చదువు లేకపోయినా క్రైమ్ అంటే తెలుసు, రైటర్ అంటే ఇంకా బాగా తెలుసు. క్రైమ్ అనేది పోలీస్ స్టేషన్లో ఉంటుంది. రైటర్ అంటే అక్కడ బల్ల వెనక కూర్చుని మన దరఖాస్తు రాసుకునే జమేదారు. ఎవరి కోడి పోయినా, ఎవరి తల పగిలినా ఆయన రాస్తేనే జరిగినట్టు. ఆయన రాయకపోతే తల పగలనట్టే.

నాకు అప్పుడు ఆయనతో పెద్ద అవసరం పడింది. మా ఎడ్లు పోయాయి. ఎర్రదాని పేరు లాలు, తెల్లదాని పేరు మోతీ. సరిగ్గా తొలకరి పడ్డాక పోయాయి. మాది టేకులపల్లి అడవి పక్కన పోడు చేను. మొద్దులు ఇంకా పీకలేదు కనక ట్రాక్టర్ దిగదు, ఎడ్లే దిగాలి. నేలలో పదును ఉండగానే పత్తి గింజ పడాలి. పదును ఆరిందంటే ఆ ఏడాదికి మా ఇంట్లో పొయ్యి కూడా ఆరినట్టే.

స్టేషన్‌కు పోతే ఎస్సై శాంతికుమార్ గారు నన్ను కుర్చీలో కూర్చోబెట్టారు. అంత మర్యాద తెలిసిన ఆఫీసరు మా వైపుకు ఎన్నడూ రాలేదు.

"తాతా, నీ బాధ నాకు సమజైంది. కానీ రాసుకునుడు నా పని కాదు. రైటర్ లేడు" అన్నారు.

"యాడికి పోయిండు సారూ?"

"పైనుంచి పిలుపొచ్చింది. స్పెషల్ డ్యూటీ."

"ఎన్నడొస్తడు?"

"రాసుడు అయిపోయినంక."

"ఏం రాస్తుండు సారూ?"

ఎస్సై గారు పైకప్పు వైపు చూసి, "అది సస్పెన్స్ తాతా" అన్నారు.

మళ్ళీ పోయినా రైటర్ లేడు, సస్పెన్సే ఉంది. చేనుకు పోయి మట్టి పిసికి చూస్తే ముద్ద కడుతోంది గానీ, ముందటంత గట్టిగా కట్టడం లేదు. అలాంటి సమయంలో ఆటో వచ్చింది.

మా ఇంటిది రూప్లి, ఆటో పోయాక నా తలరుమాలు తెచ్చి ఒళ్ళో పడేసింది.

"ఒక్క రైటర్ దొర్కక చెప్పులరిగినయ్. శుక్రారం నాడు రైటర్లంత ఒక్కతాన దొర్కుతరట. లే ముసలోడా, రుమాలు కట్టు."

ఫంక్షన్ హాలు గుమ్మంలో పార్టీ మండల నాయకుడు కోటేష్ గారు నిలబడి ఉన్నారు. మంత్రిగారికి కుడి చెయ్యి అంటారు ఆయన్ను. సభకు, విందుకు, పూలదండలకు, అన్నింటికీ ఆయనే.

"ఎవల్ను కల్వాలె తాతా?"

"రైటర్లను."

ఆయన ముఖం వెలిగిపోయింది. "అభిమానులా?"

"అవ్" అంది రూప్లి. ఆ మాటకు అర్థం ఆమెకు తెలియదు. కానీ కాదంటే లోపలికి పోనివ్వరని తెలుసు.

కోటేష్ గారు మమ్మల్ని చెయ్యి పట్టుకుని తీసుకుపోయి ముందు వరసలో కూర్చోబెట్టారు. "తండాల దాక పోయింది సార్ మన సాహిత్యం" అని వేదిక మీదికి అరిచి చెప్పారు. ఫోటోలు తీశారు. ఎడ్లు పోయినందుకు ఇంత గౌరవం దొరుకుతుందని మేం అనుకోలేదు.

మొదట మైకులో "ప్రఖ్యాత రచయిత్రి సరళ గారు" అన్నారు. దట్టమైన మీసాల మనిషి లేచాడు. ముదిగొండ నుంచి వచ్చిన ఇన్నయ్య గారట. ఆడపేరుంటేనే పుస్తకం అమ్ముడుపోతుందని పబ్లిషర్ అన్నాడట, అందుకని సరళ అయ్యారట. పొట్టకూటికి మీసం ఉంచి పేరు మార్చుకున్న త్యాగమూర్తి.

"ఇంతకుముందు కథలో ఒక్క శవం ఉంటే చాలు, పాఠకులు అన్నం మానేసి చదివేవారు. ఈ టీవీలొచ్చాక ఒక్క శవానికి తల కూడా ఎత్తడం లేదు. అందుకే నా కొత్త నవలలో మొదటి పేజీలోనే పెళ్ళిబస్సు మొత్తం లేపేశాను" అన్నారు. హాలంతా చప్పట్లు.

తరవాత ఖమ్మం నుంచి వచ్చిన మహిమ గారు మాట్లాడారు. ఎంతో నెమ్మదస్తురాలు. "నా రచనా జీవితం చాలా మామూలు. పొద్దున పిల్లల్ని బడికి పంపి, పప్పు పొయ్యి మీద పెట్టి, కుక్కర్ కూత పడేలోపల ఒక హత్య చేస్తాను. మావారు ఆఫీసు నుంచి వచ్చేసరికి శవాన్ని సర్దేస్తాను" అన్నారు.

హత్యలు చేసేవాళ్ళు ఇంత పబ్లిగ్గా ఒప్పుకోవడం నేను అదే మొదటిసారి చూడటం. ఎస్సై గారు పక్కనే ఉన్నారు. పట్టుకుంటారేమో అనుకున్నాను. లేచి శాలువా కప్పారు.

ఇక మంత్రిగారు లేచారు. "మా ప్రభుత్వం వచ్చాక నేరాలు తగ్గాయి, నేర సాహిత్యం పెరిగింది. జనం నేరాల గురించి చదవాలే గానీ చెయ్యకూడదు. అదే మా పాలసీ" అన్నారు.

మహిమ గారు వినయంగా అడిగారు. "సర్, మీ నవలలో హంతకుడు ఎవరో చివరిదాకా నాకు అంతుపట్టలేదు. ఆ ఆలోచన మీకెలా వచ్చింది?"

మంత్రిగారు తల వెనక్కి తిప్పి, కుర్చీ వెనక నిలబడ్డ సఫారీ మనిషిని "ఎవరయ్యా?" అని అడిగారు.

"మేనమామ సార్" అన్నాడు ఆ మనిషి.

"మేనమామ" అన్నారు మంత్రిగారు మైకులో. "చాలా ఆలోచించి పెట్టాను."

ఆ మనిషిని చూసి రూప్లి నన్ను మోచేత్తో పొడిచింది. యూనిఫారం లేకపోతేనేం, ఆయన మా స్టేషన్ రైటర్. ఇక ఆమె ఆగలేదు. లేచి నిలబడింది.

"గీడున్నవా సారూ? మా ఎడ్లు పోయినయ్. రాస్కో."

రైటర్ గారు వంగి, దీనంగా చెప్పారు. "అమ్మా, గీ పుస్తకం రాయబట్టి నాకు నిజం రాసే అలవాటు పోయింది. ఎవరన్నా మా కోడి పోయింది అంటే, చేతులు వాటంతట అవ్వే మేనమామను పట్టుకుంటున్నయ్."

వేదిక మీద ఉన్న రైటర్లు మాత్రం మా మాటకు చెవులు నిక్కబొడిచారు.

"ఎడ్లు పోయాయా? మరి శవం?" అని అడిగారు ఇన్నయ్య గారు.

"లేదు సారూ. బతికే ఉంటయనుకుంటున్నం."

"అదే ప్రాబ్లం" అని బాధపడ్డారు ఆయన.

"ఎడ్లు పోయినప్పుడు కాపలా ఎవరు?" అన్నారు మహిమ గారు.

"ఈ ముసలోడే. గురక పెట్టిండు."

"వెరీ గుడ్. మత్తుమందు ఇచ్చారన్నమాట."

"మందు గాదమ్మా, జొన్న గట్క. రెండు గిన్నెలు లాగించిండు."

ఇన్నయ్య గారు చాలాసేపు కళ్ళు మూసుకుని, "ఆ ఎడ్ల కడుపులో వజ్రాలు ఉన్నాయనుకుందాం" అన్నారు.

"వజ్రాలుంటే చేనెందుకు దున్నుతం సారూ? పదును పోతుంది. జర జల్దీ రాయండ్రి."

"తొందరపడకూడదమ్మా. మంచి కథ ఊరాలి" అన్నారు ఆయన.

అంతలో కోటేష్ గారు మైకు అందుకుని ఊరేగింపు ప్రకటించారు. మంత్రిగారు కారు మానేసి, పుస్తకం చేతపట్టి, ఎడ్లబండి మీద బజారంతా తిరుగుతారట. జనమంతా బయటికి నడిచారు. మా దరఖాస్తు ఊరుతుందని మేమూ నడిచాం.

బండి చూడముచ్చటగా ఉంది. ఎడ్ల కొమ్ములకు పార్టీ రంగు, వీపుల మీద జరీ శాలువాలు, మెడల్లో బంతిపూల దండలు.

"మా ఇంట్ల పుట్టిన ఎడ్లు సార్. నా చేతి మీద పెరిగినయ్" అని చెప్పి కోటేష్ గారే పగ్గాలు పట్టారు. మంత్రిగారు ఎక్కి నిలబడ్డారు.

"హెయ్" అన్నారు కోటేష్ గారు. ఎడ్లు కదల్లేదు. తోక మెలిపెట్టారు. కదల్లేదు.

"ఏంటయ్యా ఇది?" అన్నారు మంత్రిగారు.

"మిమ్మల్ని చూసి సిగ్గు పడుతున్నయ్ సార్."

అప్పుడు ఎర్రది మెడ చాచి రూప్లి కొంగులో మూతి పెట్టి వెతికింది. ఆమె శాలువా పైకెత్తి చూసింది, కొమ్ము మీది రంగు వేలితో గీకి చూసింది. నా వైపు తిరిగింది. నేను కూడా చూశాను. మా ఎడ్లకు తెలుగు రాదు. పుట్టిననాటి నుంచి మా తండా మాటే విన్నాయి. ఎంత పెద్దమనిషి చెప్పినా తెలుగులో చెబితే వాటికి తెలియదు.

రూప్లి మా మాటలో, ఇంటికి పదండి అని మెల్లగా చెప్పింది.

లాలు, మోతీ కదిలాయి. బజారు వైపు కాదు, వాగు దాటి అడవి బాట పట్టాయి. కోటేష్ గారు పగ్గాలు ఎంత లాగినా ఆగలేదు. మంత్రిగారు పుస్తకం పైకెత్తి జనానికి చెయ్యి ఊపారు. జనం అయిపోయాక టేకు చెట్లకు ఊపారు. రైటర్ గారిని ఎక్కించుకుని ఎస్సై గారి జీపు, దాంతోపాటు పేపరు వాళ్ళ జీపు వెనక వచ్చాయి. మేం కూడా పేపరు వాళ్ళ జీపు వెనక వేలాడుతూ వచ్చాం.

ఎడ్లు సూటిగా మా గుడిసె ముందు కుడితి తొట్టి దగ్గర ఆగాయి. రూప్లి దూకి కాడి విప్పింది.

"దారి తప్పినయ్ సార్, నేను తోల్కపోత" అన్నారు కోటేష్ గారు, చెమట తుడుచుకుంటూ.

"నీ చేతి మీద పెరిగినయంటివి గద అన్నా. పేర్లు పెట్టి పిలువు. నీ ఎంబడొస్తే తీస్కపో" అంది రూప్లి.

కోటేష్ గారు కాసేపు ఆలోచించి, "రాముడూ, భీముడూ" అని పిలిచారు. ఎడ్లు కుడితిలోంచి మూతులు ఎత్తలేదు. పేపరు వాళ్ళు మాత్రం కెమెరాలు ఎత్తారు.

మంత్రిగారి బుర్ర ఎంత చురుకైందో నేను అప్పుడు చూశాను. చటుక్కున బండి దిగి, మోతీ మెడ చుట్టూ చెయ్యి వేసి, ఫోటోకు నిలబడి చెప్పారు. "ఈ పేదరైతు పోగొట్టుకున్న ఎడ్లను కనిపెట్టి, నేనే స్వయంగా తోలుకొచ్చి అప్పగించాను. నేను పుస్తకంలోనే కాదు, బయట కూడా డిటెక్టివ్‌నే."

"మరి దొంగ ఎవరు సార్?" అని ఒక విలేకరి అడిగాడు.

మంత్రిగారు కోటేష్ గారి వైపు చూశారు. కోటేష్ గారు ఎస్సై గారి వైపు చూశారు. ఎస్సై గారు రైటర్ గారి వైపు చూశారు. రైటర్ గారు నేల చూశారు.

"అది రెండో భాగంలో వస్తుంది" అన్నారు మంత్రిగారు.

అందరికన్నా ముందు చప్పట్లు కొట్టింది ఎస్సై గారే.

రూప్లి ఇవేవీ వినలేదు. శాలువాలు తీసి బండి మీద పడేసి, ఎడ్లను తోలుకుని చేనుకు పోయింది. పదును ఇంకా కాస్త ఉంది.

మంత్రిగారు జీపెక్కాక ఎస్సై గారు నా భుజం మీద చెయ్యి వేశారు.

"తాతా, నీ పూర్తి పేరు చెప్పు. మీ నాయిన పేరు గూడ."

"ఎందుకు సారూ?"

"రెండో భాగానికి."

మంత్రిగారి పుస్తకంలో నా పేరు రావడం కన్నా కావలసింది ఏముంది? తుల్సీరాం అని చెప్పాను. మా నాయన పేరు, తండా పేరు, రాత్రిపూట నేను పడుకునే చోటు, అడిగినవన్నీ చెప్పాను. రైటర్ గారు ఒక్కటి కూడా వదలకుండా రాసుకున్నారు. నాకు సంతకం రాదంటే, వేలిముద్ర చాలన్నారు.