మొగ తవ్వించే అభ్యర్థి

ప్రజాస్వామ్యంలో గెలిచినవాళ్లు దేశానికి పనికొస్తారు, ఓడినవాళ్లు ఊరికి పనికొస్తారు. మా సముద్రతీరం ఈ సూత్రం మీదే నడుస్తోంది.

మా ఊరి మొగ, అంటే వాగు సముద్రంలో కలిసే చోటు, నాలుగైదేళ్లకోసారి ఇసుకతో పూడిపోతుంది. (సముద్రానికి ఎన్నికల షెడ్యూలు ముందే అందుతుందని అనుమానం.) పూడితే పడవలు వేటకు పోలేవు. దీనికొక శాఖ ఉంది. ఆ శాఖవారు సముద్రం వైపు నుంచి పడవలో మొగలోకి వచ్చి, అది పూడిందని ధ్రువీకరించాలని నిబంధన. పూడిన మొగలోకి పడవ రాదు. కాబట్టి రికార్డుల ప్రకారం మా మొగ ఇంతవరకూ పూడలేదు.

అందుకే మాకు నరేంద్రబాబు గారు ఉన్నారు. మాజీ మండలాధ్యక్షులు. ప్రతిసారీ లోక్‌సభకు నిలబడతారు, ప్రతిసారీ ఓడిపోతారు. నామినేషన్ వేసిన మర్నాడే ఆయన ప్రొక్లెయిన్ మొగలో దిగుతుంది. (ఎన్నికల అధికారులు అడిగితే దారి తప్పి వచ్చిందని చెప్పాలి.) ఆ తవ్వకంతో మళ్లీ ఎన్నికల దాకా నెట్టుకొస్తాం.

ఆయన గెలిస్తే ఢిల్లీ పోతారు. డిపాజిట్ పోతే అలిగి ఇంట్లో కూర్చుంటారు. అందువల్ల పోలింగుకు ముందు పెద్దలు దురాయి వేస్తారు, అంటే ఊరంతా కట్టుబడాల్సిన తీర్పు చెబుతారు. తూర్పు వరుస ఇళ్లవాళ్లు ఆయనకు వేయాలి, పడమటి వరుసవాళ్లు వేయకూడదు. మాది పడమటి వరుస.

ఈసారి ప్రొక్లెయిన్ సగం తవ్వి ఆగింది. ప్రచారానికొచ్చిన నరేంద్రబాబు గారు మా పడవ అంచున కూర్చుని మా నాన్నతో అన్నారు.

"ఇదే ఆఖరు కామాక్షయ్యా. ఈసారీ ఓడితే పోయి రొయ్యల గుంటలు చూసుకుంటా."

"అట్టంటే ఎట్టన్నా? మిగతా సగం ఎవురు తవ్విస్తారు?"

"గెలిపించండబ్బయా, నేనే తవ్విస్తా."

"గెలిస్తే నువ్వు యాడ కనపడతావన్నా."

ఆయన సముద్రం వైపు చూశారు. కండువాతో కళ్లు కూడా ఒత్తుకున్నారు.

ఆయన కారెక్కగానే పెద్దలు కూర్చున్నారు. "మనిషి శానా డీలా పడుండాడు," అంది మా అవ్వ పేరమ్మ. "నాలుగోట్లు ఎక్కువేస్తే ఊరట పడి ఇంకోసారి నిలబడతాడు. మన ఒక్క ఊరితో గెలుస్తాడా ఏంది?"

దురాయి సవరించారు. ఈసారికి పడమటి వరుస కూడా వేయవచ్చు.

తీరం పొడవునా ప్రతి ఊళ్లోనూ ఆయన ఒక పడవ అంచున కూర్చున్నారనీ, ప్రతి ఊరూ తన దురాయిని సవరించుకుందనీ ఓట్ల లెక్కింపు రోజు తెలిసింది.

"అయ్యో, గెలిచినాడే," అంది అవ్వ, చావుకబురు విన్నట్టు.

వానలకు ఆ సగమూ పూడింది. నాన్న ఫోన్ చేస్తే, సార్ ఢిల్లీలో ఉన్నారనీ, శాఖ ధ్రువీకరిస్తే తప్పక చూస్తారనీ ఆయన పీఏ చెప్పాడు. ఆయన పదవి పోవాలని, మనిషి మాత్రం చల్లగా ఉండాలని అవ్వ అమ్మవారికి మొక్కుకుంది.

పోయిన వారం నరేంద్రబాబు గారు పార్లమెంటులో తొలిసారి మాట్లాడారు. తమ తీరంలో ఒక్క మొగ కూడా పూడలేదని రికార్డులు చూసి చెప్పారు. మేము ఆ ప్రసంగాన్ని మా పడవలో కూర్చుని ఫోన్‌లో చూశాం. పడవ కదలదు కాబట్టి సిగ్నల్ ఎక్కడా పోలేదు.