వాకిట్లో ఆరేసిన చద్దరు

అయ్యలారా, అమ్మలారా! పిల్లలు పక్క తడపడం జబ్బు కాదు, నేత పరిశ్రమకు దొరికిన వరం!

నమ్మరా? షోలాపూర్‌లో మన తెలుగు నేతగాళ్లుండే దాజీ పేట్‌లో రామచంద్రం ఇల్లు చూడండి. కింద పవర్‌లూమ్ సాంచెలు, పైన కాపురం. నేసేది చద్దర్లు, అంటే దుప్పట్లు. ఆయన కూతురు ఋతుజకు తొమ్మిదేళ్లు. ఆ పిల్ల తడిపిన చద్దరును రోజూ బాపమ్మ, అంటే రామచంద్రం తల్లి రాజమ్మ, ఉతికి, సరిగ్గా వీధి వాకిట్లోనే ఆరేస్తుంది. సిగ్గుపడితే మానుకుంటుందని ఆమె నమ్మకం. సిగ్గే మందయితే మన పేటలో రోగమన్నది ఉండేదా?

ఒకరోజు సరుకు కోసం వచ్చిన సేఠ్ ఆ చద్దరును పట్టి చూశాడు. ఎన్ని ఉతుకులు పడ్డా రంగు దిగలేదు! ఇలాంటివే కావాలన్నాడు. ఇంత ప్రచారం ఏ టీవీ చేసిపెడుతుంది? రాజమ్మ మాత్రం ఉన్నమాట అనేసింది.

"అది అమ్మేది గాదు సేఠ్. మా పోరి పక్క తడిపితె ఉతికేసిన."

వాడకట్టంతా నవ్వింది. ఆనాటి నుంచి ఋతుజ వెనక సందులోంచి బడికి వెళ్తోంది.

ఇంతటి వరాన్ని హోట్గి రోడ్ డాక్టరమ్మ చెడగొట్టింది. పిల్ల తప్పేం లేదట! మూత్రసంచికీ మెదడుకూ మధ్య కబురు సరిగా అందడం లేదట. చీలమండ దగ్గర పట్టీలు అంటించి, చిన్న మిషన్‌తో నరానికి సన్నటి కరెంటు ఇస్తే కొందరికి తగ్గుతుందట, అందరికీ కాదట. తడిసేదెక్కడ, పట్టీ వేసేదెక్కడ? అయినా పడుగు ఈ కొసన లాగితే ఆ కొసన కదలడం నేతగాళ్లకు కొత్తా? మన కులదైవం మార్కండేయస్వామి ఒంట్లో ఏ పోగు ఎక్కడ ముడేశాడో మనకేం తెలుసు!

రాజమ్మ మాత్రం ఒప్పుకోలేదు. "సాంచెలకే కరెంటు దొరకని ఇంట్ల, పోరి కాలుకు కరెంటా?"

అయినా రామచంద్రం మిషన్ తెచ్చాడు. చీమలు పాకినట్టుందంటూనే ఋతుజ పట్టీలు పెట్టుకుని హోంవర్క్ చేసుకునేది. కొన్ని నెలలకు వాకిట్లో తాడు చాలా రోజులు ఖాళీగా ఉండసాగింది. బీడీలు చుట్టే అరుగుల మీద ముచ్చటకు ఎంత కరువు!

మొన్న మధ్యాహ్నం రాజమ్మ మనవరాలి పక్కన చేరి గొంతు తగ్గించింది. బాత్రూమ్ చేరేలోపే చీర తడుస్తోందట, ఏళ్ల తరబడి. ఆ చీరలు ఆరేది నూలు బస్తాల వెనక, చీకటి మూలన.

అదేమిటి రాజమ్మా? వరమన్నాక వాకిట్లో ఆరేయొద్దా?

ఋతుజ లేచి వాకిలి వైపు నడిచింది.  వీధిలో అరిచి చెప్తుందనుకుంది రాజమ్మ.

పిల్ల దర్వాజ మూసి, గొళ్లెం పెట్టి, వచ్చి కూర్చుంది.

"ఇగ చెప్పు బాపమ్మా. ఎవ్వరు వినరు."