రెండు స్టాపుల దౌత్యం

రాయబారిగారు ఆ రోజు పదిన్నరకి బస్సెక్కి, సామాన్యుడిలా రెండు స్టాపులు ప్రయాణించి, దిగి, ఫొటోలు రాజధానికి పంపి, భోజనం వేళకి ఇల్లు చేరాలి. పథకం ప్రచార అధికారిది. మారుతున్న ప్రపంచంలో దౌత్యం గదుల్లోంచి వీధుల్లోకి రావాలని ఆయన పన్నెండు పేజీల నివేదిక రాశాడు. రాయక చస్తాడా? రాయబారిగారు పనిచేసే ఆ పరాయి దేశంలో మన దేశం పేరు తప్పులేకుండా పలికేవాళ్ళు పదిమంది కూడా లేరని, ఆ పదిమందికీ జీతాలిచ్చేది మనమేనని పైవాళ్ళు అక్షింతలు వేసి వారమైనా కాలేదు.

సామాన్యుడిలా వెళ్ళడానికి పద్నాలుగుమంది బయల్దేరారు. వీళ్ళంతా ఎక్కేసరికి బస్సు నిండిపోయి, ఏ ప్రజలతో కలిసిపోదామనుకున్నారో ఆ ప్రజల్లో సగంమంది స్టాపులోనే మిగిలిపోయారు. వెలుతురు బాగా పడుతోందని రాయబారిగారిని కిటికీ పక్కన కూర్చోబెట్టారు. సీటు మీద ‘వృద్ధులకు’ అని రాసి ఉంది. ఫొటోల కోసం ఆ పొద్దునే జుట్టుకి రంగేయించుకున్నారు కాబట్టి ఆ వంక పెట్టుకోవడానికీ వీల్లేదు.

మొదటి స్టాపులో చేతిసంచితో ఒక పెద్దావిడ ఎక్కింది. వెనకాలే కండక్టరమ్మ వచ్చింది.

"లే బాబాయ్, పెద్దావిడ నిలబడింది."

రాయబారిగారు కెమెరా వైపు చూసి నవ్వుతూనే ఉన్నారు. ప్రచార అధికారి అడ్డం వచ్చాడు.

"ఆయనెవరనుకున్నావ్? రాయబారిగారు!"

"మరీ మంచిది. మర్యాద తెలిసే ఉంటుంది. లెమ్మనండి."

"కావాలంటే ఆవిడకి వేరే సీటిస్తాం."

"ఆవిడ సీటు ఉండగా వేరేదెందుకు?"

"నాకు దౌత్య రక్షణ ఉంది," అన్నారు రాయబారిగారు గంభీరంగా.

"అది నీ దగ్గరే ఉంచుకో బాబాయ్. సీటిచ్చెయ్."

అంగరక్షకులు గోడ కట్టినట్టు నిలబడ్డారు. కండక్టరమ్మ ఈల వేసింది. డ్రైవరు బస్సు పక్కకి తీసి, తలుపులు మూసి, తాపీగా పేపరు విప్పాడు.

ప్రచార అధికారి కంగారుగా ఉప రాయబారికి ఫోన్ చేశాడు. "బస్సాపి తలుపులేశారు. సార్ సీట్లోంచి కదలట్లేదు!" అవతలి చెవికి అది ‘కదలనివ్వట్లేదు’ అని వినిపించింది. అక్కణ్ణించి రాజధానికి చేరేసరికి ‘కట్టేశారు’ అయింది. టీవీలకెక్కేసరికి ‘అపహరణ’ అయింది. అరగంటలో విదేశాంగ మంత్రి ఆ దేశపు రాయబారిని పిలిపించి, కాఫీ కూడా ఇవ్వకుండా నిరసన పత్రం చేతిలో పెట్టారు. సైనికుల సెలవులు రద్దయ్యాయి.

అప్పుడు రాయబారిగారి ఫోన్ మోగింది. కంగారులో వేలు ఎక్కడ తగిలిందో, భార్య గొంతు బస్సంతా వినిపించింది.

"ఏమండీ, మిమ్మల్ని కట్టేశారట! మా తమ్ముడు ఒకటే ఏడుపు."

"కట్టెయ్యలేదే. ఎవరో పెద్దావిడకి సీటిమ్మంటున్నారు."

"ఇవ్వచ్చుగా?"

"ఇది దేశ ప్రతిష్ఠకి సంబంధించిన..."

"మా అమ్మొచ్చినా కుర్చీలోంచి లేవరు మీరు. అదీ దేశ ప్రతిష్ఠేనా? ముందు లేవండి!"

బస్సు గొల్లుమంది. రాయబారిగారు లేచారు. బస్సు కదిలిన కుదుపుకి వెళ్ళి ప్రచార అధికారి మీద పడ్డారు.

"పైన కమ్మీ పట్టుకో బాబూ. ఆ కాగితాలు ఇటివ్వు," అని పెద్దావిడ ప్రచార అధికారి చేతిలోని నివేదిక అందుకుని విసురుకోవడం మొదలెట్టింది. "ఇంతకీ ఇవేమిటి?"

"మీలాంటివాళ్ళ మనసు ఎలా గెలుచుకోవాలో రాశామమ్మా," అన్నారు రాయబారిగారు, కమ్మీకి వేలాడుతూ.

"లేచి నిలబడితే అయ్యే పనికి ఇన్ని కాగితాలా!"

ఎవరో ఇదంతా ఫోన్లో తీశారు. సాయంత్రానికి ఆ దేశంలో చూడనివాళ్ళు లేరు. మర్నాడు వీసాల కిటికీ ముందు వరస వీధి మలుపు దాటింది. "బాబాయ్ వాళ్ళ దేశానికి," అని అడిగారు వచ్చినవాళ్ళు. ప్రచార అధికారిని సస్పెండ్ చేస్తూ టైపు చేసిన కాగితం రాజధానిలోనే చిరిగిపోయింది. ఈ ఆలోచన మొదట తనదేనని మంత్రిగారు విలేకరులకి చెప్పారు. సైనికులు సెలవు మీద వెళ్ళిపోయారు.

వారం తిరక్కుండా సర్క్యులర్ వచ్చింది: రాయబారులందరూ ఇకపై నెలకొకసారి ప్రజలచేత చివాట్లు తినవలెను, ఎవరిచేత తినేదీ పదిహేను రోజుల ముందుగా మూడు ప్రతుల్లో దరఖాస్తు చేసుకుని అనుమతి పొందవలెను.